చిన్న పడకగదికి రంగులు – 3వ పాఠం: హైలైట్ గోడ

గదిలో ఒక్క గోడకు వేరే రంగు వేయడం ఈ పాఠం సంగతి. పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. మీ గదిలో ఒకే గోడను పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఐదింటికి, రాత్రి లైటు వేశాక చూసి, ప్రతిసారీ నోటుబుక్కులో రెండు ముక్కలు రాయమన్నాను. రాయకపోతే ఈ పాఠం ఇక్కడే ఆపి, ఒక రోజు ఆ పని చేసి రండి. ఊరికే అనడం లేదు. ఆ కాగితం లేకుండా రంగు ఎంచుకుని నేను నాలుగేళ్లు అనుభవించాను.

మా ఇల్లు హన్మకొండలో. పడకగది 10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. పడమటి గోడకు కిటికీ, కిటికీ బయట వేపచెట్టు. మొదటిసారి రంగు వేయించినప్పుడు షాపులో ట్యూబులైటు కింద, బొటనవేలంత ముక్క చూసి లేత ఆకుపచ్చ ఎంచుకున్నాను. ముక్క మీద చల్లగా, ముచ్చటగా ఉంది. నాలుగు గోడలకూ వేయించాక సాయంత్రం మా అమ్మ గుమ్మంలో నిలబడి "ఇది అర్రనా, దవాఖాననా?" అంది. పెయింటర్ తప్పేమీ లేదు, నేను చెప్పిన నంబరే వేశాడు. వేపాకుల మీదుగా వచ్చే వెలుతురుకే కొంచెం పచ్చదనం ఉంటుంది. దానికి తోడు చిన్న గదిలో గోడలు ఎదురెదురుగా దగ్గరగా ఉంటాయి కాబట్టి ఒకదాని రంగు ఇంకోదాని మీద పడి రెండూ ముదురుతాయి. పైన తెల్లటి ఎల్ఈడీ. ముక్క మీద ఒక వంతు ఉన్న పచ్చ గదిలో మూడు వంతులైంది.

అందుకే చిన్న గదికి షాపులోని రంగుల కార్డు మీద నచ్చిన రంగు కంటే ఒక మెట్టు లేతది, ఒక మెట్టు మసకది తీసుకోవాలి. గోడ మీదికెక్కాక అది మీరు కోరుకున్న దగ్గరికే వస్తుంది.

ముందు మారని వాటిని చూడండి

రంగు ఎంచుకోవడం గోడ దగ్గర మొదలుపెట్టకండి. కింద చూడండి. గోడకు నాలుగైదేళ్లకోసారి రంగు మారుస్తాం. బండలను ఎవరు మారుస్తారు? మన వైపు ఇళ్లలో తాండూరు బండలు, షాబాదు బండలు, కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్, ఈమధ్య కట్టినవాటిలో ఐవరీ రంగు టైల్స్, పాత ఇళ్లలో ఎర్ర గచ్చు కనిపిస్తాయి. వీటికి తోడు టేకు దర్వాజ, గోడలో కట్టిన అరల బండలు. మీరు వేసే రంగు వీటన్నిటితో సంసారం చేయాలి.

బండ అసలు ఛాయ తెలుసుకోవడానికి ఒక తెల్ల కాగితం చాలు. పగటిపూట కాగితాన్ని బండ మీద పెట్టి పక్కపక్కనే చూడండి. ఒట్టిగా చూస్తే "బూడిద రంగు" అనిపించిన బండ, తెలుపు పక్కన నీలంగానో పసుపుగానో బయటపడుతుంది. తాండూరులో రెండు రకాలూ ఉన్నాయి, నీలపు బండ, పసుపు బండ. పసుపు ఛాయ ఉంటే గోడలకు గంధం, పాలమీగడ, లేత ఇసుక వంటి వెచ్చని రంగులు కుదురుతాయి. నీలపు ఛాయ ఉంటే బూడిద కలిసిన తెలుపు, మసక నీలం, పొగ రంగు. పసుపు బండ మీద గులాబీ ఛాయ ఉన్న క్రీమ్ వేస్తే రెండు నెలల్లో ఇల్లాలు "గోడలు మాసినట్లున్నాయి" అంటుంది. మాసిపోలేదు, రెండు ఛాయలూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటున్నాయి.

చిన్న గదికి తెలుపే దిక్కు అని చాలామంది చెబుతారు. నేను పూర్తిగా ఒప్పుకోను. వెలుతురు బాగా వచ్చే గదిలో తెలుపు నిజంగానే గదిని విశాలంగా చూపిస్తుంది. రెండిళ్ల మధ్య మూడడుగుల సందులోకి కిటికీ తెరుచుకునే గదిలో తెలుపు తెల్లగా ఉండదు, బూడిదలా దిగాలుగా ఉంటుంది. అక్కడ లేత గంధమే నయం. పైకప్పుకు మాత్రం తెలుపే వేయండి, దాని గురించి చర్చ అక్కర్లేదు.

ఏ గోడ?

నాలుగింటిలో ఒక గోడకు వేరే రంగు వేయడాన్ని మన పెయింటర్లు హైలైట్ గోడ అంటారు. దీని కిటుకు అర్థం కావాలంటే ఒకసారి పాలంపేట రామప్ప గుడి చుట్టూ తిరిగి రండి. పదమూడో శతాబ్దపు గుడి, 2021లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. గుడి ఒళ్లంతా ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద మదనికలు, అంటే నాట్యగత్తెల శిల్పాలు మాత్రం నిగనిగలాడే నల్లరాయి. ఆ నలుపు కొంచెమే ఉంది కాబట్టి దూరం నుంచే కన్ను వాటి మీదికి పోతుంది. గుడంతా నల్లరాయే అయితే మదనికలను వెతుక్కోవాల్సి వచ్చేది. మీ గదిలోనూ ఒక్క గోడే మాట్లాడాలి, మిగతా మూడూ వినాలి.

ఆ గోడ ఏదో తేల్చడానికి మంచిదాన్ని వెతకకండి, పనికిరానివాటిని తీసేయండి.

కిటికీ ఉన్న గోడను మొదట కొట్టేయండి. బయటి వెలుతురు కళ్లలో కొడుతుంటే దాని చుట్టూ ఉన్న గోడ ఎలాగూ నల్లగా కనిపిస్తుంది. దానికి ముదురు రంగు వేస్తే డబ్బు దండగ, పైగా కిటికీ ఇంకా మిరుమిట్లు గొలుపుతుంది. బీరువా ఆనించే గోడ కూడా వద్దు. ఆరున్నర అడుగుల బీరువా వెనక ఎంత మంచి రంగు వేసినా చూసేది బల్లులే. ఇక బాత్రూముకు ఆనుకున్న గోడ, ఇది అన్నిటికన్నా ముఖ్యం. చెమ్మ పైకెక్కే గోడలో ఉప్పు తెల్లగా పొంగి పొరలు లేస్తుంది. లేత రంగు మీద అది అంతగా కనపడదు. ముదురు రంగు మీద పిండి చల్లినట్లు కనపడుతుంది. వానాకాలంలో చేత్తో తడిమి చూడండి. చల్లగా, మెత్తగా ఉంటే ఆ గోడకు ఈ ఏడు హైలైట్ వద్దు. ముందు చెమ్మ సంగతి చూడాలి, అది వచ్చే పాఠం.

చాలా ఇళ్లలో చివరికి మిగిలేది మంచం తలాపు గోడ. తలాపు దక్షిణానికా తూర్పుకా అన్నది ఇంట్లో పెద్దవాళ్లు ముందే తేల్చి ఉంటారు, వాదించకండి, మీకు ఒక నిర్ణయం తగ్గింది. నిజానికి ఈ గోడ మంచిదే. గుమ్మంలో నిలబడితే ఎదురుగా కనిపిస్తుంది, పడుకున్నాక మీ కళ్ల ముందు ఉండదు కాబట్టి ముదురు రంగైనా నిద్రకు అడ్డం రాదు.

ఒక పరీక్ష మిగిలింది. గుమ్మంలో నిలబడి కళ్లు మూసి తెరవండి. మొదట చూపు ఏ గోడ మీద పడింది? మిగిలిన గోడా ఇదీ ఒకటే అయితే దొరికినట్లే. పొడవుగా, సన్నగా ఉండే గదిలో దూరంగా ఉన్న పొట్టి గోడకు ముదురు వేస్తే అది దగ్గరికి వచ్చినట్లు కనిపించి గది కొంచెం చతురస్రంగా తోస్తుంది. పొడుగు గోడకు వేస్తే గది రైలు పెట్టెలా అవుతుంది.

ఏ గోడా నిలబడలేదా? హైలైట్ మానేయండి. నాలుగూ ఒకే లేత రంగు వేసి, తలాపు వైపు ఒక వరంగల్ దరీ (నేత తివాచీ) వేలాడదీయండి. దాన్ని ఉతకవచ్చు, తీసేయవచ్చు, కిరాయి ఇల్లు మారితే వెంట తీసుకుపోవచ్చు.

ఏ రంగు?

మొదట ఒక తేడా తెలుసుకోవాలి. ముదురు వేరు, ఘాటు వేరు. మన వరంగల్ చపాటా మిర్చి తెలుసు కదా, 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినది. రంగు దండిగా ఉంటుంది, కారం తక్కువ. అంటే ఒకే కాయలో రంగు, కారం రెండూ వేర్వేరు లెక్కలు. గోడ రంగులోనూ అంతే. ఎంత నల్లబడిందన్నది ముదురు. ఎంత అరుస్తోందన్నది ఘాటు. పడకగది హైలైట్‌కు ముదురు ఉండొచ్చు, ఘాటు ఉండకూడదు. గుడ్డ మీద కథలను బొమ్మలుగా గీసే పటాల ఎరుపు సంగతే చూడండి. చేర్యాల పటం నేపథ్యంలో ఉండే ఆ ఎరుపు గుడ్డ మీద ఎంత బాగుంటుంది! దాన్నే 100 చదరపు అడుగుల గోడకు పూస్తే పండుగ పందిట్లో పడుకున్నట్లుంటుంది. అదే ఎరుపులో బూడిద, గోధుమ కలిస్తే కాలిన ఇటుక రంగవుతుంది. అది నిద్రపోనిస్తుంది.

రంగు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? షేడ్ కార్డులో వెయ్యికి పైగా రంగులుంటాయి, అక్కడ మొదలుపెడితే టెన్షన్ తప్ప ఏం మిగలదు. మీకు ఇష్టమైన చీర, దుప్పటి, దరీ ఏదైనా ఒకటి షాపుకు తీసుకెళ్లండి. అందులో తక్కువగా ఉన్న రంగును పట్టుకుని, దాని పక్కన ఉన్న మసక షేడ్లు మూడు ఎంచండి. మూడే.

ఇప్పుడు మీ నోటుబుక్కు తెరవండి. సాయంత్రం గది నారింజ రంగు వెలుతురుతో మండుతోందని రాశారా? అది పడమటి గది. ఇటుక, ఆవ రంగులు అక్కడ ఇంకా మండుతాయి. బూడిద కలిసిన నీలం, ఎండిన గోరింటాకు పచ్చ అక్కడ నెమ్మదిగా ఉంటాయి. రోజంతా ఒకే తీరు వెలుతురు, కొంచెం చల్లగా ఉందని రాస్తే అది ఉత్తరపు గది కావచ్చు, అక్కడ ఇటుక, గంధం, తేనె రంగులు బతుకుతాయి. ఇంకో చిన్న సంగతి. మన ఊరు దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే నెల సగం నుంచి జులై చివరిదాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. ఉత్తరపు గదివాళ్లు ఆ రెండున్నర నెలలు చూసి మోసపోవద్దు.

నీలం వేస్తే గది చల్లబడుతుందా అని అందరూ అడుగుతారు. లోపలి రంగు వల్ల చల్లగా అనిపిస్తుంది, అంతే. మే నెలలో 40 దాటే ఎండకు స్లాబే పొయ్యి మీద పెనం. చల్లదనం కావాలంటే మేడ మీద సున్నమో తెల్లటి కూల్ పెయింటో వేయించండి.

కొన్ని షేడ్ కార్డుల్లో రంగు పక్కన ఎల్ఆర్‌వి అని ఒక అంకె ఉంటుంది. వెలుతురును ఎంత తిప్పి పంపుతుందో ఆ అంకె చెబుతుంది. 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు. చిన్న గదిలో మూడు గోడలు 60కి పైన, హైలైట్ 20కి తగ్గకుండా ఉంటే నాకు బాగా కుదిరింది. ఇది శాస్త్రం కాదు, నా అలవాటు.

చార్టు మీద పరీక్ష

గోడ మీద నేరుగా పూసి చూడకండి. చుట్టూ పాత రంగు ఉంటే కొత్తది నిజంగా కనపడదు, పైగా ఆ మరక అంచు తర్వాత కోటింగు కింద నుంచి కూడా తేలుతుంది. రెండడుగుల తెల్ల చార్టు కాగితం కొనండి. చిన్న శాంపిల్ డబ్బా దొరికితే సరే, లేకపోతే లీటరు డబ్బా. చార్టుకు రెండు కోట్లు వేసి ఒక రాత్రి ఆరనివ్వండి. తడి రంగును చూసి నిర్ణయించవద్దు, ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) ఆరాక మామూలుగా కొంచెం ముదురుతుంది.

ఆరాక దాన్ని తలాపు గోడ మీద, బండకు ఆనించి, దర్వాజ పక్కన పెట్టి చూడండి. తర్వాత నిలువుగా సగానికి మడిచి గది మూలలో నిలబెట్టండి. రెండు ముఖాలూ ఒకదాని మీద ఒకటి రంగు పారేసుకుని మూలలో ఎలా ముదురుతుందో కనిపిస్తుంది. నాలుగు గోడలకు వేయబోయే లేత రంగుకు ఈ మడత పరీక్ష తప్పనిసరి. నేను ఆ ఆకుపచ్చను ఇలా మడిచి చూసి ఉంటే దవాఖాన తప్పేది.

రాత్రి లైటు కింద కూడా చూడండి. బల్బు డబ్బా మీద 3000 కె అని ఉంటే పసుపు వెలుతురు, 6500 కె అంటే తెల్లటి నీలపు వెలుతురు. మీరు ఆ గదిలో మెలకువగా ఉండేది ఎక్కువగా రాత్రే. ఒక్కోసారి రంగు బాగానే ఉంటుంది, మార్చాల్సింది బల్బు.

మెరుపు గురించి ఒక్క మాట. హైలైట్ గోడకు బాగా మెరిసే రకం వద్దు, పక్క నుంచి లైటు పడితే రంగు కింద పూసే లప్పం (పుట్టీ)లోని ఎత్తుపల్లాలన్నీ లెక్కపెట్టొచ్చు. కానీ తలాపు గోడకు తలనూనె తగులుతుంది. కడగడానికి వీలయ్యే తక్కువ మెరుపు ఎమల్షన్ అడగండి.

మా గది లెక్క

పొడవు 11, వెడల్పు 10, ఎత్తు 10 అడుగులు. నాలుగు గోడల చుట్టుకొలత 42, ఎత్తుతో గుణిస్తే 420 చదరపు అడుగులు. దర్వాజ 21, కిటికీ 16 తీసేస్తే 383. తలాపు గోడ 100, అందులో దర్వాజ, కిటికీ లేవు. మిగతావి 283. నేను కొన్న ఎమల్షన్ డబ్బా మీద రెండు కోట్లకు లీటరుకు 120 చదరపు అడుగులని ఉంది, మీ డబ్బా మీద ఏముందో చదువుకోండి. లేత రంగు 283ను 120తో భాగిస్తే రెండున్నర లీటర్లకు కొంచెం తక్కువ, మూడు తెచ్చాను. తలాపు గోడకు లెక్క ప్రకారం లీటరు చాలు. కానీ ముదురు రంగులను కలిపే మూల పెయింటు, అంటే బేస్‌లో తెలుపు తక్కువ ఉంటుంది కాబట్టి అడుగు రంగును సరిగా కప్పదు, మూడో కోటు అడుగుతుంది. మూడు కోట్లకు లీటరుంపావు. రెండు లీటర్లు తెచ్చాను. రెండు డబ్బాలనూ ఒకే బకెట్లో కలిపాకే వేయించండి, మిషను కలిపినా డబ్బా డబ్బాకు వెంట్రుకవాసి తేడా రావచ్చు. రంగు కోడ్ ఉన్న స్టిక్కర్ ఫోటో తీసి పెట్టుకోండి.

ఈసారి మూడు గోడలకు పాలమీగడ, తలాపుకు బూడిద కలిసిన నీలం వేయించాం. అమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. "మంచిగనే ఉంది గానీ, ఆ కిటికీ తెర మార్చు" అంది.

వచ్చే పాఠానికి పని

మీ గది కొలతలు రాసి పైన చెప్పినట్లు లెక్క కట్టండి. మూడు చార్టులు సిద్ధం చేసి, మూడు రోజులు గదిలోనే ఉంచి, ఒకటి తీసేయండి. బాత్రూమ్ వైపు గోడను చేత్తో తడిమి, కింద నుంచి ఎన్ని అడుగుల వరకు చెమ్మ ఉందో పెన్సిల్‌తో గీత గీయండి. ఆ గీతతోనే 4వ పాఠం, లప్పం పని మొదలవుతుంది.