బొంత అడుగున దారం ఉండ కడుతుంటే మిషన్ మార్చే ముందు చూడవలసినవి

తక్కువ ధరకు కొన్న కుట్టు మిషన్ జాకెట్టు గుడ్డను చక్కగా కుడుతుంది. పాత నూలు చీరలను నాలుగు పొరలుగా పరిచి, మధ్యలో పల్చగా దూది పెట్టిన బొంతను అందించగానే అదే మిషన్ అడుగున దారాన్ని ఉండలు ఉండలుగా వదులుతుంది. అప్పుడు చాలామంది ఈ మిషన్‌కు బొంత కుట్టే బలం లేదని తేల్చుకొని, ఇంకా ఖరీదైన దాని కోసం వెతకడం మొదలుపెడతారు. ఇలా బాగుచేయడానికి వచ్చిన మిషన్లలో బలం చాలనివి నేను చూసింది చాలా తక్కువ. ఇళ్లలో ఉండే నల్లటి స్ట్రెయిట్ స్టిచ్ మిషన్, ఉషా అయినా సింగర్ అయినా, శుభ్రంగా ఉంటే అంత మందాన్ని కుడుతుంది. బొంతకు కావలసింది నేరు కుట్టే కాబట్టి జిగ్‌జాగ్ లేకపోవడం లోటు కాదు.

కుట్లు మధ్యమధ్యలో తప్పిపోతుంటే

సూది మార్చండి. ఈ మాట చెప్పినప్పుడల్లా సూది విరగలేదు కదా అన్న సమాధానం వస్తుంది. మొన అరిగినా, కంటికి కనిపించనంత వంగినా కుట్టు తప్పుతుంది. దూది పొరల మధ్య అది ఇంకా ఎక్కువగా తప్పుతుంది. మీ మిషన్ రకానికి సరిపోయే సూదిలోనే 16 నంబరుది, బొంత బాగా మందంగా ఉంటే 18 నంబరుది తీసుకొని, పైకి చివరిదాకా తోసి బిగించాలి. దారం ఎక్కించే వైపు సూదికి పొడవాటి గాడి ఉండాలి. కుట్టేటప్పుడు బొంతను వెనుక నుంచి చేత్తో లాగడం మానుకోవాలి. లాగితే సూది వంగి ప్లేటుకు తగులుతుంది, కొత్త సూది కూడా ఆ పూటకే పాడవుతుంది.

అడుగున ఉచ్చులు, ఉండలు పడుతుంటే

ఉండలు కింద కనిపిస్తాయి కాబట్టి అందరి చెయ్యీ ముందు బాబిన్ మీదికే, అంటే అడుగు దారం చుట్టి ఉండే చిన్న చక్రం మీదికే పోతుంది. బాబిన్ కేసు విప్పుతారు, మరను తిప్పుతారు, కొత్త కేసు కొంటారు, అయినా ఉండలు ఆగవు. అడుగున కనిపించే ఆ ఉచ్చులు పై దారానివి. పై దారానికి పట్టు లేకపోవడం వల్లనే అవి కిందికి జారాయి.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే వెతకవలసిన చోటు దానంతట అదే తెలుస్తుంది. సూది కిందికి దించిన పై దారాన్ని, ప్లేటు అడుగున ఉండే హుక్కు పట్టుకొని బాబిన్ దారం చుట్టూ తిప్పుతుంది. ఆ తరువాత పైకి లేచే దారపు లివర్ మిగులు దారాన్ని వెనక్కి లాగి, ముడిని పొరల మధ్యకు చేరుస్తుంది. ఆ క్షణంలో టెన్షన్ బిళ్లలు, అంటే పై దారం మధ్యగా పోయే రెండు గుండ్రటి రేకులు, దారాన్ని గట్టిగా పట్టుకొని ఉండాలి. పట్టుకోకపోతే లివర్ కింది ముడిని బిగించడానికి బదులు రీలు నుంచి కొత్త దారాన్ని లాక్కుంటుంది. పల్చటి గుడ్డలో ఆ కొద్దిపాటి పట్టే సరిపోతుంది. బొంతలో ముడి అన్ని పొరలను దాటి పైకి రావాలి కాబట్టి లోపం అక్కడ బయటపడుతుంది.

పరీక్ష చాలా సులభం. సూదిలో దారం ఉంచి, గుడ్డను నొక్కి పట్టే ప్రెషర్ ఫుట్ పైకెత్తి దారాన్ని లాగితే తేలికగా రావాలి. ఫుట్ దించి లాగితే గట్టిగా ఆగాలి, సూది కొద్దిగా వంగినట్టు కనిపించాలి. రెండింటికీ తేడా లేకపోతే బిళ్లలు మూసుకోవడం లేదన్న మాట. ఫుట్ దించి ఉండగా దారం ఎక్కించి ఉంటే అది బిళ్లల మధ్యకు పోకుండా అంచునే ఉండిపోతుంది. ఫుట్ ఎత్తి మళ్లీ ఎక్కించాలి. ఫుట్ దించడమే మరిచిపోవడం కూడా బొంత దగ్గర తరచుగా జరుగుతుంది, ఎందుకంటే మందం వల్ల ఎత్తి ఉన్న ఫుట్ కూడా గుడ్డకు ఆనుకొనే కనిపిస్తుంది.

ఈ రెండూ సరిగ్గా ఉండి కూడా పట్టు రాలేదంటే బిళ్లల మధ్య నూగు చేరింది. ఎక్కువ మందిని ఏడిపించేది ఇదే. పాత నూలు చీర, దూది, నాసిరకం దారం మూడూ నూగు విడుస్తాయి. అది లోపల గట్టిపడి, బిళ్లలను వెంట్రుకవాసి దూరంలో నిలిపేస్తుంది. బయటి నుంచి చూస్తే ఏమీ కనిపించదు. బిళ్లలను బిగించే మరను ఎంత బిగించినా స్ప్రింగు ఒత్తిడి ఆ నూగు మీద పడుతుందే తప్ప దారం మీద పడదు. ఫుట్ పైకెత్తి, పల్చటి నూలు గుడ్డ ముక్కను మడిచి, దాని మడత అంచును బిళ్లల మధ్య అటూ ఇటూ చాలాసార్లు లాగాలి. గుడ్డకు మాసిన నూగు గాని తెగిన దారపు ముక్క గాని అంటుకొని రావాలి. బ్లేడు, గుండుసూది వాడకూడదు; గీత పడితే దారం అక్కడే తెగుతుంది. బిళ్లలకు నూనె అసలే వేయకూడదు, దానికి ఇంకా నూగు అంటుకుంటుంది. శుభ్రం చేశాక, అంతకుముందు బిగించిన మరను తప్పకుండా సగానికి వదులు చేయాలి, లేకపోతే ఇప్పుడు దారం తెగడం మొదలవుతుంది. అదే బొంత పొరల ముక్క మీద కుట్టి చూసి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా సరిచేసుకోవాలి.

పై వైపు ఉచ్చులు పడుతుంటే

అప్పుడు మాత్రమే బాబిన్ కేసు చూడాలి. దాని స్ప్రింగు రేకు కింద నూగు ఉంటే దారం వదులుగా వస్తుంది. దారం కొస పట్టుకొని కేసును వేలాడదీస్తే అది నిలవాలి, చిన్నగా కుదిపితే కొద్దిగా దిగాలి.

పొరలు జరిగి ముడతలు పడుతుంటే

ముందుగా బొంతంతా చేత్తో పొడుగు కుట్లు వేసుకొని, మధ్య నుంచి అంచులకు కుట్టాలి. కుట్టు పొడవు పెంచి, ఫుట్ ఒత్తిడి మరను కొంచెం వదులు చేయాలి. పై పొరను కూడా అడుగు పొరతో పాటే జరిపే వాకింగ్ ఫుట్ మీ మిషన్‌కు సరిపోయేది దొరికితే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

హుక్కు టైమింగు తప్పడం, సూది కడ్డీ వంగడం అరుదు. పైవన్నీ చూశాకే మెకానిక్కుకు ఇవ్వండి.

కొత్తదైనా పాతదైనా మిషన్ కొనేటప్పుడు కూడా ఇవే పరీక్షలు సరిపోతాయి. దుకాణంలో చూపించే ఒంటిపొర గుడ్డ మీద ఏ మిషన్ అయినా బాగానే కుడుతుంది. కాబట్టి మీ బొంత పొరలతోనే జానెడు ముక్కను, కొత్త 16 నంబరు సూదిని వెంట తీసుకువెళ్లి, ఫుట్ ఎత్తి ఒకసారి, దించి ఒకసారి దారం లాగి చూసి, ఆ ముక్కను కుట్టించి, డబ్బు ఇచ్చే ముందు దాని అడుగు వైపు తిప్పి చూడండి.