పాత చెక్క లాంచీని అడుగు నుంచి చూడాలి

పాత మోటారు లాంచీ కొనాలనుకునేవారు నన్ను తోడు రమ్మంటే ముందే ఒక మాట తీసుకుంటాను: నేను పడవ కిందికి దూరి బయటికి వచ్చేవరకు ధర ఊసెత్తకూడదు. వార్నిష్ వేసిన మహోగని మీద ఎండ పడిందంటే ఎంతటి లెక్కల మనిషైనా మెత్తబడిపోతాడు. అమ్మేవారికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే ఫోటోలన్నీ పక్క నుంచి, సాయంకాలపు వెలుగులో తీస్తారు. అడుగు భాగం ఫోటో ఒక్కటీ పంపరు.

కిందికి దూరే ముందు నాలుగడుగులు వెనక్కి వేసి ఆకారం చూడండి. ఈ లాంచీల ఆకారాన్ని నిర్ణయించింది వాటిలో కూర్చున్న యంత్రమే. 1886లో జర్మన్ ఇంజనీర్లు డైమ్లర్, మేబాక్ తమ దేశంలోని నెకర్ నదిలో నడిపిన పడవలో ఉన్నది ఒకే సిలిండరు పెట్రోలు ఇంజిను. పెట్రోలు ఎక్కడ పేలుతుందోనని జనం జంకుతుంటే, పడవ అంచున పింగాణీ ఇన్సులేటర్లు, తీగలు బిగించి అది విద్యుత్తుతో నడుస్తోందని నమ్మించారని చెబుతారు. ఆ దశాబ్దంలోనే అమెరికాలో నాఫ్తా లాంచీలు వచ్చాయి. నీటికి బదులు నాఫ్తాను, అంటే పెట్రోలియం నుంచి తీసే తేలికపాటి ద్రవాన్ని, మరిగించి ఆ ఆవిరితో నడిపేవారు. ఆవిరి బాయిలరు నడపడానికి లైసెన్సు ఉన్న ఇంజనీరు కావాల్సి వచ్చేది; నాఫ్తాకు ఆ బెడద లేదు, యజమాని తానే నడుపుకునేవాడు. కాళ్ల దగ్గర మంట పెట్టుకుని పెట్రోలియం మరిగించడం నిశ్చింత అనిపించిన కాలం అది! 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో యాభైకి పైగా విద్యుత్ లాంచీలు సందర్శకులను తిప్పాయి.

ఈ యంత్రాలన్నిటికీ బలం తక్కువ. కాబట్టి పడవ సన్నగా, పొడవుగా, నీటిని కలచకుండా చీల్చుకుపోయేలా ఉండాలి. ఇలాంటి పడవ వేగానికి ఒక హద్దు ఉంది. నీటి మట్టం దగ్గర దాని పొడవును అడుగుల్లో కొలిచి, ఆ సంఖ్య వర్గమూలాన్ని 1.34తో హెచ్చవేస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు). 25 అడుగుల లాంచీకి అది 6.7 నాట్లు. ఇంజిను రెట్టింపు చేసినా వేగం పెద్దగా పెరగదు, అల మాత్రం పెరుగుతుంది. థేమ్స్ నది మీద పుట్టిన స్లిప్పర్ లాంచీలు ఈ హద్దును ఒప్పుకుని కట్టినవి. వెనుక భాగం వాలుగా నీటి దాకా దిగిపోతుంది, గట్లు కోసుకుపోయేంత అల లేవదు. నా మటుకు నాకు మోటారు పడవల్లో ఇంతకన్నా అందమైన గీత లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక లెక్క మారింది. మిగిలిపోయిన లిబర్టీ విమాన ఇంజిన్లు చవకగా దొరికాయి. అమెరికాలో పడవ పందేల వీరుడు గార్ వుడ్ వాటిని పందెపు పడవల్లో బిగించాడు. ఆయనతో కలిసి మిషిగన్ రాష్ట్రం అల్గోనాక్‌లో పడవలు కట్టిన క్రిస్ స్మిత్, 1922లో కొడుకులతో సొంత కంపెనీ పెట్టి ఒకే నమూనా పడవలు వరసగా తయారు చేయడం మొదలుపెట్టాడు. తరువాత క్రిస్ క్రాఫ్ట్ పేరుతో ప్రసిద్ధమైన పడవల కంపెనీ అదే. బలం పెరిగాక అడుగు వెడల్పైంది, వెనుక భాగం చదునైంది. పడవ నీటిని చీల్చడం మాని పైకి లేచి జారడం నేర్చింది. ఇటలీలో ఇసెయో సరస్సు ఒడ్డున సార్నికోలో కార్లో రీవా కట్టిన అక్వరామా అనే చెక్క పడవ ఈ దారికి చివరి మజిలీ. 1962లో మొదలై 1996 దాకా తయారైంది. అప్పటికి ఫైబర్‌గ్లాస్ వచ్చి మిగతా చెక్క పడవల తయారీదారులను దాదాపు తుడిచిపెట్టేసింది.

కొనేవారికి ఈ చరిత్రతో పని ఏమిటంటే, ఆకారానికీ ఇంజినుకూ పొత్తు కుదరకపోతే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. సన్నటి నది లాంచీలో పెద్ద వి-8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిను కనిపిస్తే దాన్ని మోసే దుంగల దగ్గర, పక్కనున్న పలకల కీళ్లలో పగుళ్లు వెతకండి. అదనపు బరువు, అదురు తమ పని చేసే ఉంటాయి.

ఇప్పుడు కిందికి. ముందుగా కీల్, అంటే పడవకు వెన్నెముకగా ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగే దూలం. ఒక చివర నేల మీద పడుకుని, ఒక కన్ను మూసి దాని వెంట చూడండి. మధ్యలో పైకి ఉబ్బి, కొసలు కిందికి వాలి ఉంటే ఏళ్ల తరబడి ఆనికలు సరిగా పెట్టలేదని అర్థం. అలాంటి పడవ జోలికి పోవద్దని చెబుతాను. బాగుచేయలేరని కాదు, ఆ డబ్బుతో కీల్ తిన్నగా ఉన్న మరో పడవ వస్తుంది.

తరువాత చిన్న చెక్క సుత్తితో పలక పలకా తట్టండి. మంచి కర్ర ఖంగుమంటుంది. కుళ్లిన కర్ర మొద్దుగా, చప్పగా పలుకుతుంది. కీల్‌ను ఆనుకున్న మొదటి పలక, వెనుక పలక మూలలు, ముందు కొస దూలం, ఇంజిను కింది భాగం, ఈ నాలుగు చోట్లా తొందర వద్దు. అనుమానం వచ్చిన చోట, యజమాని అనుమతితోనే, సన్నటి మొన గుచ్చి చూడండి. పై డెక్కు కీళ్ల కింద కూడా చూడాలి, ఎందుకంటే పడవను తినేది సరస్సు నీరు కాదు, పైనుంచి కారిన వాన నీరు. కర్రను కుళ్లబెట్టే శిలీంధ్రానికి తేమతో పాటు గాలి కూడా కావాలి. ఇంగ్లండులో డాలీ అనే ఆవిరి లాంచీ 1895లో అల్స్‌వాటర్ సరస్సులో మునిగి, 1962 వరకు అడుగు బురదలోనే ఉంది. గాలి అందని ఆ బురదే దాన్ని కాపాడింది, ఈనాటికీ విండర్‌మియర్ మ్యూజియంలో ఉంది. అదే లాంచీని చిల్లుపడ్డ తార్పాలిన్ కింద వదిలేసి ఉంటే పదేళ్లు నిలిచేది కాదు. కర్రలో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్లు మొదలు కాదు. తేమ మీటరు ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి.

పలకల్ని పక్కటెముకలకు, అంటే లోపలి వంపు కర్రలకు, పట్టి ఉంచే స్క్రూల సంగతి వేరే చూడాలి. వాటి తలల మీద చిన్న చెక్క బిరడాలు ఉంటాయి. అవి వరసగా పైకి పొడుచుకు వచ్చాయంటే లోపల స్క్రూలు వదులైనట్టే. ఓక్ పక్కటెముకల్లో ఇనుప మేకులు వాడి ఉంటే చుట్టూ నల్లటి మరక కనిపిస్తుంది. ఓక్‌లోని టానిన్ అనే ఒగరు పదార్థానికి ఇనుము పడదు. ఉప్పునీటిలో తిరిగిన పడవైతే ఇత్తడి స్క్రూను ఒకటి విప్పి చూపించమనండి. జింకు కరిగిపోయి గులాబీ రంగుకు తిరిగితే అది వేళ్ల మధ్యే విరుగుతుంది. కంచు స్క్రూలు గాని రాగి రివెట్లు గాని ఉంటే సగం దిగులు తీరినట్టే.

పాత అమెరికన్ పడవల అడుగు చాలావరకు రెండు పొరలు, నడుమ నీటిని ఆపే పూతలో నానబెట్టిన గుడ్డ. ఆ గుడ్డ చివికితే బయటి నుంచి తెలియదు. అందుకే అడుగు ఎప్పుడు మార్చారు, దేనితో అతికారు అని అడగాలి. రబ్బరులా సాగే ఆధునిక జిగురుతో మార్చారంటే పాతదనం పోయిందని కొందరు ముఖం చిట్లిస్తారు. వారికి మ్యూజియం ముక్క కావాలి. నీటిలో తిరగాలనుకునేవారికి మాత్రం నేను ఆ జిగురు అడుగునే కొనమంటాను.

పాత పద్ధతి అడుగే ఉంటే, ఒడ్డున ఆరిన పడవను మళ్లీ నీటిలోకి దించే విధానం తెలిసి ఉండాలి. ఆరిన పలకలు వెడల్పులో కుంచించుకుపోతాయి, పొడవులో మారవు. సందుల్లోంచి వెలుతురు కనిపించగానే కంగారుపడి గట్టిపడే పుట్టీ దట్టించకండి. కర్ర నానినప్పుడు ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేకపోతే పక్కటెముకలు విరగ్గొడుతుంది, లేదా స్క్రూలు పీకేస్తుంది. ముందు కొన్ని రోజులు లోపల తడి గోనెపట్టాలు పరిచి ఉంచండి. తరువాత పట్టీల సాయంతో నీటిలోకి దించి, బరువు పట్టీల మీదే ఉంచి, పంపు పెట్టండి. మొదటి గంటల్లో నీరు ధారగా వస్తుంది. రెండు మూడు రోజుల్లో అది చుక్కలకు దిగాలి. వారమైనా దిగకపోతే పడవను పైకి తీయాల్సిందే.

వార్నిష్ గురించి అందరూ గంటల తరబడి మాట్లాడతారు, నేను నాలుగు మాటల్లో చెబుతాను. మొదటి పూత పలుచగా, కర్ర పీల్చుకునేలా. ఆపైన ఆరేడు పూతలు, ప్రతి పూత మధ్య సన్నటి గరుకు కాగితంతో రుద్దుడు. అతినీలలోహిత కిరణాలను ఆపే రకమే వాడండి. ఏటా ఒకటి రెండు పూతలు వేస్తుంటే మొత్తం గీకే అవసరం రాదు. శీతకాలంలో పడవను కప్పేటప్పుడు ప్లాస్టిక్ షీటు చుట్టబెట్టకండి. రెండు కొసల్లో గాలి ఆడేలా గుడ్డ కప్పు వేసి, లోపలి అడుగు చెక్కలు ఎత్తి ఉంచండి.

అన్నీ కుదిరి ఇంజిను తిప్పే రోజు వచ్చిందనుకుందాం. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, మూసిన పడవ అడుగున గుంటలో కూర్చుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. పెట్రోలు పోశాక మూతలు తెరవండి, గాలి తోడే ఫ్యానును కనీసం నాలుగు నిమిషాలు నడపండి. ఆ ఫ్యాను పాతకాలపు పడవలో ఉండకపోవచ్చు. లేకపోతే మెరిసే సామాను కొనడానికి ముందే పెట్టించండి. చివరగా ఇంజిను గదిలోకి వంగి వాసన చూడండి. పెట్రోలు వాసన తగిలిందంటే ఎక్కడి నుంచి కారుతోందో దొరికేదాకా తాళం ముట్టుకోవద్దు.