బేస్‌బాల్ లెక్కలు – 7: క్లోజర్ పోయాడు, ఎన్ని గెలుపులు పోయాయి?

పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్న ఇది. 2022లో న్యూయార్క్ మెట్స్ 101 మ్యాచ్‌లు గెలిచింది. 2023 సీజన్ ఇంకా మొదలు కాకముందే ఆ జట్టు క్లోజర్ (చివరి ఇన్నింగ్స్‌లో బంతి వేసి ఆధిక్యాన్ని కాపాడే పిచర్) ఎడ్విన్ డియాజ్ గాయపడి ఏడాదంతా ఆటకు దూరమయ్యాడు. ఆ ఏడాది జట్టు 75 మ్యాచ్‌లే గెలిచింది. డియాజ్ లేకపోవడం వల్ల పోయిన గెలుపులు ఎన్ని?

వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం 26. నూట ఒకటిలోంచి డెబ్బయి అయిదు తీసేస్తే ఇరవై ఆరే వస్తుంది, కాదనను. మీకు తీసివేత బాగానే వచ్చని తెలిసింది. కొందరు 32 అన్నారు. 2022లో డియాజ్ 32 సేవ్‌లు (కొద్దిపాటి ఆధిక్యాన్ని కాపాడి ముగించిన మ్యాచ్‌లు) సాధించాడు కాబట్టి అతను లేకపోతే ఆ 32 మ్యాచ్‌లూ ఓడిపోతారట. అంటే డియాజ్ రాని రోజున తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పిచర్ దిబ్బ మీద ఎవరూ నిలబడరనుకోవాలి.

ఈ వారం డబుల్ ప్లే గురించి చెప్పాల్సింది. అది ఆగుతుంది. ఈ ముడి విప్పకుండా ముందుకు పోతే మిగిలిన పాఠాలన్నీ దీనికే తట్టుకుని పడతాయి. ఈఆర్‌ఏ అంటే ఏమిటి (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ సగటున ఇచ్చే ఎర్న్‌డ్ పరుగులు, అంటే ఫీల్డర్ల తప్పు వల్ల రానివి), ఇన్నింగ్స్‌లో మూడో వంతును ఎలా రాస్తారు (.1 అంటే మూడో వంతు, .2 అంటే మూడింట రెండు) వంటివి మళ్ళీ వివరంగా చెప్పను. మొదటి రెండు పాఠాల్లో ఉన్నాయి, చూసుకోండి.

ముందు ఏం జరిగిందో చెబుతాను. 2023 మార్చి 15న మయామీలో, దేశాల మధ్య జరిగే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో ప్యూర్టోరికో 5-2తో డొమినికన్ రిపబ్లిక్‌ను ఓడించింది. చివరి ఇన్నింగ్స్ వేసి గెలిపించిన డియాజ్, తోటివారితో కలిసి గంతులేస్తూ కుప్పకూలాడు. కుడి మోకాలి చిప్ప కింది స్నాయువు తెగింది. అంతకు కొన్ని నెలల ముందే మెట్స్ అతనితో అయిదేళ్లకు 10.2 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఒక రిలీవర్‌కు, అంటే ఆట మధ్యలో వచ్చే పిచర్‌కు, పది కోట్ల డాలర్లు దాటిన మొదటి ఒప్పందం అదే. అంత డబ్బు పోసిన మనిషి పోతే సీజనే పోయిందని అనిపించడం సహజం.

మనవాళ్లకు ఇంకా ఎక్కువగా అనిపిస్తుంది, ఎందుకంటే మనం క్రికెట్ కళ్లతో చూస్తాం. ట్వంటీ20లో చివరి ఓవర్లు వేసే బౌలర్ ఇరవై ఓవర్లలో నాలుగు వేస్తాడు. అంటే జట్టు బౌలింగ్‌లో అయిదో వంతు. ఆ బౌలర్ పోతే నిజంగానే ఇల్లు కూలినంత పని. బేస్‌బాల్ సీజన్‌లో ఒక జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. మ్యాచ్‌కు తొమ్మిది చొప్పున సుమారు 1,458 ఇన్నింగ్స్. 2022లో డియాజ్ వేసినవి 62. నూటికి నాలుగు పైచిలుకు, అంతే. ఈ నిష్పత్తి మనసులో నాటుకోకుండా కింది లెక్కల్లోకి దిగకండి.

ఇప్పుడు అసలు లెక్క. 2022లో డియాజ్ ఈఆర్‌ఏ 1.31. అంటే 62 ఇన్నింగ్స్‌లో ఇచ్చిన ఎర్న్‌డ్ పరుగులు 9. అదే 62 ఇన్నింగ్స్‌ను 4.30 ఈఆర్‌ఏ ఉన్న ఒక సాదాసీదా రిలీవర్ వేశాడనుకోండి. 62ను 4.3తో హెచ్చించి తొమ్మిదితో భాగిస్తే 29.6. తేడా సుమారు 20 పరుగులు. పది పరుగులకు ఒక గెలుపు అన్నది మనం నాలుగో పాఠం నుంచి వాడుతున్న కొలత. కాబట్టి రెండు గెలుపులు.

ఇంతేనా అంటారు. ఇంతే కాదు, ఆ ఇరవై పరుగులూ పారేసుకోదగ్గ సమయంలో వచ్చేవి కావు. 9-1తో ముందున్నప్పుడు ఇచ్చే పరుగూ 3-2తో ముందున్నప్పుడు ఇచ్చే పరుగూ ఒకటి కావు. ఆ ఘడియ ఎంత బరువైనదో చెప్పే కొలతే లెవరేజ్. సగటు ఘడియ 1 అయితే, పేరున్న క్లోజర్ పిచ్ చేసే ఘడియలు 2 దగ్గర తిరుగుతుంటాయి. మరి ఇరవైని రెండుతో హెచ్చించి నలభై, అంటే నాలుగు గెలుపులు అనవచ్చా? అనకూడదు. మొదటి మెట్టు సరిగ్గా ఎక్కినవాళ్లు కూడా ఇక్కడే జారారు.

డియాజ్ పోతే తొమ్మిదో ఇన్నింగ్స్‌ను మైనర్ లీగ్ నుంచి నిన్న వచ్చిన కుర్రవాడికి ఇవ్వరు. ఎనిమిదో ఇన్నింగ్స్ వేసేవాడు తొమ్మిదికి జరుగుతాడు, ఏడో ఇన్నింగ్స్ వాడు ఎనిమిదికి. కొత్తగా వచ్చినవాడు అట్టడుగున, ఆట ఎటూ తేలిపోయిన సమయాల్లో వేస్తాడు. దీన్ని గొలుసు లెక్క అంటాను. ఊహకు ఒక బుల్‌పెన్, అంటే జట్టు రిలీవర్ల బృందం, తీసుకుందాం. అందులో ఈఆర్‌ఏలు వరుసగా 1.3, 2.5, 3.2, 3.7, కొత్తగా వచ్చేవాడిది 4.3. నాలుగు స్థానాల లెవరేజ్ 2, 1.5, 1.2, 0.8. అందరూ 62 ఇన్నింగ్స్‌లే వేస్తారనుకోండి. ఒక్కొక్కరూ ఒక మెట్టు పైకి జరిగితే మొదటి స్థానంలో నష్టం 1.2, రెండో స్థానంలో 0.7, మూడులో 0.5, నాలుగులో 0.6. వీటిని ఆయా లెవరేజ్‌లతో హెచ్చిస్తే 2.4, 1.05, 0.6, 0.48. కూడితే 4.53. దాన్ని 62తో హెచ్చించి తొమ్మిదితో భాగిస్తే సుమారు 31 పరుగులు. మూడు గెలుపులు. కొత్తవాడిని నేరుగా డియాజ్ చోట కూర్చోబెట్టి ఉంటే 41 వచ్చేది.

ఇంత తతంగం నేను ప్రతిసారీ చేయను. ఒకటికీ క్లోజర్ లెవరేజ్‌కూ సగటు తీసి, అంటే ఒకటిన్నర, దానితో మొదటి తేడాను హెచ్చించేస్తాను. ఇరవైని ఒకటిన్నరతో హెచ్చిస్తే ముప్పై. గొలుసంతా లాగితే వచ్చిందీ దాదాపు అదే కదా. దశాంశ స్థానాల కోసం ప్రాణం పెట్టేవాళ్లు గొలుసు లాగండి, నాకు అభ్యంతరం లేదు.

మెట్స్‌లో ఈ గొలుసు కళ్లెదుటే కదిలింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌కు జరిగిన అనుభవజ్ఞుడు డేవిడ్ రాబర్ట్‌సన్. మెట్స్ తరఫున 44 ఇన్నింగ్స్‌లో 2.05 ఈఆర్‌ఏ, 14 సేవ్‌లు. జులై నెలాఖరులో అతన్ని మయామీకి ఇచ్చేశారు. దాన్నీ డియాజ్ ఖాతాలో రాసిన జవాబు ఒకటుంది. అది తలకిందుల వాదన. జట్టు అప్పటికే ఓడిపోతోంది కాబట్టి రాబర్ట్‌సన్‌ను అమ్మారు, పేరున్న పిచర్లు షెర్జర్‌ను, వెర్లాండర్‌ను అమ్మినట్టే.

మరి మిగిలిన గెలుపులు ఎక్కడికి పోయాయి? పరుగుల పట్టిక చూడండి. 2022లో మెట్స్ చేసినవి 772, ఇచ్చినవి 606. 2023లో చేసినవి 717, ఇచ్చినవి 729. అటు 55, ఇటు 123. మొత్తం 178 పరుగుల తేడా, అంటే సుమారు 18 గెలుపులు. మిగతాది అదృష్టం, దాని సంగతి పదో పాఠంలో. అదనంగా ఇచ్చిన 123 పరుగుల్లో డియాజ్ లేని లోటు ఇరవై. లెవరేజ్ పరుగులను పుట్టించదు, వాటి బరువు చెబుతుంది, అందుకే ఇక్కడ ముప్పై కాకుండా ఇరవై అన్నాను. మిగిలిన వందకు వేరే పేర్లున్నాయి. పిచర్లలో డిగ్రామ్ టెక్సస్‌కు వెళ్లిపోయాడు. వెర్లాండర్ సీజన్‌ను గాయపడినవారి జాబితాలో మొదలుపెట్టాడు. షెర్జర్‌కు ఏప్రిల్‌లో పది మ్యాచ్‌ల నిషేధం పడింది. కింటానా జులై దాకా దిబ్బ ఎక్కలేదు. బ్యాటింగ్‌లో మెక్‌నీల్ సగటు .326 నుంచి .270కి దిగింది. ఒక్క జూన్‌లోనే జట్టు 7 గెలిచి 19 ఓడింది. ఆధిక్యం ఉంటేనే కదా దాన్ని కాపాడే మనిషికి పని దొరికేది.

ఇక నన్ను బాగా విసిగించిన విషయం, బ్లోన్ సేవ్, అంటే కాపాడాల్సిన ఆధిక్యాన్ని పోగొట్టుకోవడం. కొందరు జాగ్రత్తపరులు తీసివేతకు పోకుండా, మెట్స్ 2023 జట్టు మొత్తం సేవ్ శాతాన్ని తీసుకుని డియాజ్ 2022 శాతంతో పోల్చారు. డియాజ్‌ది 35 అవకాశాల్లో 32, అంటే 91 శాతం. జట్టుది సహజంగానే చాలా తక్కువ. ఆ తేడా అంతా ఓటములే అని తేల్చారు.

మొదటి సంగతి. ఏడో ఇన్నింగ్స్‌లో 4-3 ఆధిక్యంతో వచ్చిన రిలీవర్ ఒక పరుగిచ్చి స్కోరు సమం చేస్తే అతని ఖాతాలో బ్లోన్ సేవ్ పడుతుంది. అదే రిలీవర్ ఒక్క పరుగూ ఇవ్వకుండా బంతిని తర్వాతివాడికి అప్పగిస్తే అతనికి దక్కేది హోల్డ్. సేవ్ రాదు, ఎందుకంటే మ్యాచ్ ముగించినవాడికే సేవ్. అంటే అతను తప్పితే శాతం తగ్గుతుంది, నెగ్గితే శాతం పెరగదు. ఎనిమిదో ఇన్నింగ్స్ వాడిదీ ఇదే గతి. ఇలాంటివాళ్లందరినీ కలిపి తీసిన జట్టు శాతం ప్రతి జట్టుకూ, ఛాంపియన్లకు కూడా, క్లోజర్ శాతం కంటే బాగా తక్కువగానే ఉంటుంది. క్లోజర్‌ను క్లోజర్‌తో పోల్చండి. లేదా సేవ్‌లకు హోల్డ్‌లు కలిపి పోల్చండి. రెండూ కాకుండా చేసిన లెక్కను ఇకమీదట చదవను.

రెండో సంగతి, బ్లోన్ సేవ్ అంటే ఓటమి కాదు. స్కోరు సమమైందని మాత్రమే, లేదా ఎదుటి జట్టు ముందుకు వెళ్లిందని. ఆట ఇంకా మిగిలి ఉంటుంది. 2024 సెప్టెంబరు 30న అట్లాంటాలో జరిగిన మ్యాచ్‌కు మించిన ఉదాహరణ నాకు తెలియదు. కోలుకుని తిరిగొచ్చిన డియాజే దిబ్బ మీద ఉన్నాడు. మెట్స్ 0-3తో వెనకబడి ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆరు పరుగులు చేసింది. కింది సగంలో అట్లాంటా నాలుగు చేసి 7-6తో ముందుకు పోయింది. ఆ ఆధిక్యం డియాజ్ చేతిలోనే జారింది. తొమ్మిదిలో లిండోర్ రెండు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. మళ్ళీ డియాజే వచ్చి 8-7తో ముగించాడు. ఆ గెలుపుతో మెట్స్ ప్లేఆఫ్స్‌కు చేరింది. ఆ రోజు బ్లోన్ సేవ్ డియాజ్ ఖాతాలోనే పడింది, గెలుపూ డియాజ్ ఖాతాలోనే పడింది. సేవ్ 1969 నుంచి అధికారిక లెక్క. అయినా ఆట బాగోగులు దానితో కొలవడం నాకు నచ్చదు. మూడు పరుగుల ఆధిక్యంతో వచ్చి రెండు పరుగులు ఇచ్చినవాడికీ అదే సేవ్, ఒక పరుగు ఆధిక్యంతో ముగ్గురినీ స్ట్రైకౌట్ చేసినవాడికీ అదే సేవ్.

ఈ దారిలోనూ సరిగ్గా నడిస్తే ఎక్కడికి చేరతామో చూడండి. 35 అవకాశాల్లో ఓ మోస్తరు క్లోజర్ 82 శాతం నిలబెట్టాడనుకుంటే 29. డియాజ్ కంటే మూడు తక్కువ. ఆ మూడింటిలో ఒకటి జట్టు ఎలాగో గెలుచుకుంటే పోయేవి రెండు. పరుగుల దారిలో మూడు, ఈ దారిలో రెండు. తొమ్మిదో ఇన్నింగ్స్‌ను ఆధిక్యంతో మొదలుపెట్టిన జట్టు వందకు సుమారు 95 సార్లు గెలుస్తుంది. ప్రత్యేకంగా క్లోజర్ అనే పదవి లేని రోజుల్లోనూ ఇది దాదాపు ఇంతే.

తీసివేత వాదులకు చివరిగా ఒక మాట. మిన్నెసోటా ట్విన్స్ క్లోజర్ జో నేథన్ 2009లో 47 సేవ్‌లు చేశాడు. 2010 మార్చిలో మోచేతికి శస్త్రచికిత్స జరిగి సీజన్ మొత్తం పోయింది. 2009లో 87 గెలిచిన ట్విన్స్, నేథన్ లేని 2010లో 94 గెలిచి డివిజన్, అంటే లీగ్‌లో తానున్న జట్ల గుంపు, నెగ్గింది. మీ పద్ధతిలో నేథన్ గాయం వల్ల జట్టుకు ఏడు గెలుపుల లాభం! 2012 మే 3న కాన్సస్ సిటీలో ప్రాక్టీసులో బంతులు పట్టుకుంటూ యాంకీస్ క్లోజర్ మారియానో రివేరా మోకాలు దెబ్బతింది. అతని చోట రఫాయెల్ సొరియానో 42 సేవ్‌లు చేశాడు, యాంకీస్ 95 గెలిచి డివిజన్ నెగ్గింది. ముందు ఏడాది గెలిచినవి 97.

అయితే రెండు మూడు గెలుపులు లెక్కలోకి రావని కాదు. 75 గెలిచిన జట్టు 78 గెలిచినా అక్టోబరులో, అంటే ప్లేఆఫ్స్ వేళ, ఇంట్లోనే కూర్చుంటుంది. 2022 మెట్స్ సంగతి వేరు. 101 గెలిచింది, అట్లాంటా కూడా 101 గెలిచింది. ముఖాముఖిలో 10-9తో అట్లాంటాది పైచేయి కాబట్టి డివిజన్ అట్లాంటాకు దక్కింది. మెట్స్ వైల్డ్ కార్డ్ సిరీస్ (ప్లేఆఫ్స్‌లో అదనపు తొలి రౌండు) ఆడాల్సి వచ్చి శాన్ డియేగో చేతిలో ఇంటికి పోయింది. అక్కడ ఒక్క గెలుపు ఖరీదు ఒక సీజన్. కాబట్టి క్లోజర్ పోయాడన్న వార్త రాగానే చూడాల్సింది అతని సేవ్‌లు కాదు, ఆ జట్టు అంచనా గెలుపులు ఎంత దగ్గర ఉన్నాయన్నది. 85కూ 95కూ మధ్య ఉంటే భయపడండి.

నా మటుకు నేను ఇంకో ఖర్చును ఎక్కువగా లెక్కిస్తాను, జులైలో కంగారుగా చేసే కొనుగోలు. నేథన్ చోట జాన్ రాచ్ 21 సేవ్‌లు చేసి బాగానే లాక్కొచ్చాడు. అయినా ట్విన్స్ ఆగలేక వాషింగ్టన్ నుంచి మ్యాట్ క్యాప్స్‌ను తెచ్చుకుని, బదులుగా యువ క్యాచర్ విల్సన్ రామోస్‌ను ఇచ్చింది. రామోస్ ఏళ్ల తరబడి వాషింగ్టన్‌కు ఆడి 2016లో ఆల్ స్టార్ అయ్యాడు. ఈ నష్టం 2010 పట్టికలో ఎక్కడా కనిపించదు.

అభ్యాసం: ఫిలడెల్ఫియా ఫిలీస్ క్లోజర్ బ్రాడ్ లిడ్జ్. 2008లో 69.1 ఇన్నింగ్స్, 1.95 ఈఆర్‌ఏ, 41 అవకాశాల్లో 41 సేవ్‌లు. 2009లో 58.2 ఇన్నింగ్స్, 7.21 ఈఆర్‌ఏ, 31 సేవ్‌లు, 11 బ్లోన్ సేవ్‌లు, అతని ఖాతాలో 0 గెలుపులు, 8 ఓటములు. జట్టు మాత్రం 92 నుంచి 93కు పెరిగి మళ్ళీ వరల్డ్ సిరీస్‌కు వెళ్లింది. ఇక్కడ క్లోజర్ పోలేదు, ఫామ్ పోయింది, పదవి మాత్రం దాదాపు సీజన్ పొడుగునా అతని చేతిలోనే ఉంది. అంటే గొలుసు కదల్లేదు. కాబట్టి నా ఒకటిన్నర ఇక్కడ పనికిరాదు. ఏ గుణకం వాడాలో మీరే తేల్చి, పోయిన గెలుపులు లెక్కగట్టండి. తర్వాత ఆ 11 బ్లోన్ సేవ్‌ల స్కోరుకార్డులు ఒక్కొక్కటీ తెరిచి, వాటిలో ఎన్ని మ్యాచ్‌లు జట్టు గెలిచిందో, లిడ్జ్ వచ్చేసరికి ఆధిక్యం ఎంతో రాయండి. రెండు జవాబుల మధ్య తేడా రెండు గెలుపులకు మించితే ఎక్కడ తేడా వచ్చిందో కూడా రాసి పంపండి. స్కోరుకార్డులు చూడకుండా పంపినవాటికి డబుల్ ప్లే పాఠం అయ్యాకే జవాబు.