అలాట్‌మెంట్‌కి పేరిచ్చే ముందు ఒక్క ఆదివారం

ఇంగ్లండ్‌లో కొత్త ఏరియాకి మారాక కాస్త మెంతికూర వేసుకుందామంటే చారెడు నేల ఉండదు. కూరగాయలు పండించుకోడానికి కౌన్సిల్ అద్దెకిచ్చే నేల ముక్కకి, అంటే అలాట్‌మెంట్‌కి పేరిస్తే, చాలాచోట్ల వెయిటింగ్ లిస్టులో ఏళ్ళు గడుస్తాయి.

ఈసారి మేం ముందు వెళ్ళి చూశాం. నడిచి వెళ్ళగలిగే దూరంలో అలాట్‌మెంట్లున్న 3 చోట్లను మ్యాప్‌లో వెతుక్కుని, జూన్‌లో ఒక ఆదివారం పొద్దున 10 గంటలకి బయల్దేరాం. తోటలో మనుషులు దొరికేది అప్పుడే. గేటు బయట నోటీసు బోర్డు చదివి, లోపలున్నవాళ్ళని పలకరించి, రమ్మన్నాకే అడుగుపెట్టాం. నడుమెత్తు గడ్డి పెరిగిన ప్లాట్లు లెక్కపెట్టుకోండి. అవి ఎక్కువున్న చోట ఖాళీలు తొందరగా వస్తాయి. మూడో చోట మాకు 6 కనిపించాయి. అక్కడ ఒక పెద్దాయన బ్రాడ్ బీన్స్ కాయ ఒలిచి మా పాప చేతిలో పెట్టి, ఆ తోట వ్యవహారాలు చూసే సైట్ సెక్రటరీని ఎలా కలవాలో చెప్పారు. ఎంత మంచి మనిషో!

అడిగేటప్పుడు సగం ప్లాటే అడగండి. పూర్తి ప్లాటంటే సుమారు 250 చదరపు మీటర్లు, ఉద్యోగం చేసుకుంటూ అంత నేల తవ్వలేం. సగానికి అద్దె కూడా తక్కువ. నీళ్ళ కుళాయి ఎంత దూరమో అడుగులేసి చూసుకోండి, వేసవిలో క్యాన్లు మోసేది మనమే. మాకు 4 నెలల్లో పిలుపొచ్చింది.

చలికాలంలో మాత్రం ఈ లెక్క పనిచేయదు. జనవరిలో బాగా సాగు చేసే ప్లాటు కూడా బోసిగానే కనిపిస్తుంది. లిస్టే మూసేసిన చోట కూడా ఇది కుదరదు, ఆ సంగతి ముందే ఫోన్‌లో కనుక్కోండి.