వేగంగా తిరిగే వేడి నక్షత్రానికి మోడల్ కట్టాలంటే అకర్నార్‌తో మొదలుపెట్టండి

బెజవాడ నుంచి చూస్తే అకర్నార్ అనే ఈ నక్షత్రం దిగంతం నుంచి 16 డిగ్రీలకు మించి పైకి రాదు. నవంబరు చివర్లో రాత్రి తొమ్మిది ప్రాంతంలో ప్రకాశం బ్యారేజీ మీద నుంచి సీతానగరం వైపు చూస్తే, దీపాలకు కాస్త పైన ఉంటుంది. దాని కొలతలు 2014లో అచ్చయ్యాయి కాబట్టి మీ లెక్కను సరిచూసుకోవచ్చు.

ద్రవ్యరాశి సూర్యుడికి 6.1 రెట్లు. వ్యాసార్థం ధ్రువం దగ్గర 6.78, మధ్యరేఖ దగ్గర 9.16 సౌర వ్యాసార్థాలు. ధ్రువం ఉష్ణోగ్రత 17,124 కెల్విన్లు. బరువంతా కేంద్రంలోనే ఉందనుకునే రోష్ పద్ధతిలో, మధ్యరేఖ వేగం వర్గం = 2 × 1,90,800 × 6.1 × (1/6.78 − 1/9.16). ఇందులో 1,90,800 అంటే గురుత్వ స్థిరాంకం × సూర్యుడి ద్రవ్యరాశి ÷ సూర్యుడి వ్యాసార్థం, కిలోమీటర్లు, సెకన్ల లెక్కలో. సెకనుకు 299 కిలోమీటర్లు రావాలి. రాకపోతే అక్కడే ఆగి యూనిట్లు చూసుకోండి.

తర్వాత అదే రోష్ సమీకరణంతో ఒక్కో అక్షాంశానికీ వ్యాసార్థం కనుక్కోండి. ధ్రువం నుంచి కిందికి దిగుతూ, ముందు వచ్చిన జవాబునే తర్వాతిదానికి తొలి ఊహగా ఇవ్వండి. లేకపోతే మధ్యరేఖ దగ్గర ప్రోగ్రాం సమీకరణపు బయటి మూలాన్ని పట్టుకుంటుంది, నక్షత్రం ఉబ్బిపోతుంది.

ఎక్కువమంది పడేది ఉష్ణోగ్రత దగ్గరే. మధ్యరేఖ గురుత్వం ధ్రువంలో 0.163 వంతు. ఈ నిష్పత్తిని ఒక ఘాతానికి పెంచి ధ్రువం ఉష్ణోగ్రతతో గుణిస్తే మధ్యరేఖ ఉష్ణోగ్రత వస్తుంది. 1924 నాటి వాన్ జీపెల్ సూత్రం ప్రకారం ఘాతం 0.25 పెడితే మధ్యరేఖ 10,900 కెల్విన్లకు పడిపోతుంది. కొలతలకు సరిపడే ఘాతం 0.166, దానితో 12,670 వస్తుంది. 0.25 నెమ్మదిగా తిరిగేవాటికే నప్పుతుంది.

ఉపరితలం ముక్క వైశాల్యాన్ని వ్యాసార్థ దిశకూ ఆ ఉపరితలపు లంబానికీ మధ్య కోణపు కొసైన్‌తో భాగించడం మరవకండి. నక్షత్రం అంచు మసకగా కనిపించడాన్ని లెక్కించడానికీ ఆ లంబాన్నే వాడాలి. రేఖాంశంలో 200 ముక్కలు స్పెక్ట్రమ్‌లోని (వర్ణపటంలోని) హైడ్రోజన్ రేఖకు చాలు. మెగ్నీషియం లాంటి సన్నరేఖకు మాత్రం 600 కావాలి, లేకపోతే రేఖ అడుగున అలలు తేలతాయి. ఇంకా పెంచితే మే నెల ఎండలో ల్యాప్‌టాప్ ఫ్యాను మోత తప్ప ఒరిగేదేమీ లేదు.

నక్షత్రం చుట్టూ తిరిగే వాయువు డిస్కుకు సాంద్రత దూరంతో 3.5 ఘాతంలో తగ్గేలా, ఉష్ణోగ్రత నక్షత్రపు దానిలో సుమారు 60 శాతం ఉండేలా పెట్టి మొదలుపెట్టండి. దాని లోపలి అంచు వేగం 299 కాదు, కక్ష్యావేగమైన 356. ఇది తప్పితే 656.3 నానోమీటర్ల హైడ్రోజన్ రేఖ రెండు శిఖరాలూ దగ్గరకు జరుగుతాయి, డిస్కు ఉన్నదానికన్నా చిన్నదిగా లెక్కకొస్తుంది.

పోల్చే స్పెక్ట్రమ్ తేదీ కూడా చూసుకోండి. అకర్నార్‌కు కొన్నేళ్లు డిస్కు ఉంటుంది, కొన్నేళ్లు ఉండదు. పై కొలతలు డిస్కు లేని కాలంలోవి.