గడ్డి మైదానాల ఫెలోషిప్‌లో చేరే ముందు: హైదరాబాద్ పిల్లలకు కొన్ని జాగ్రత్తలు

అడవులకు, పులులకు ఉన్నంత పేరు గడ్డి నేలలకు లేదు. అలాంటి నేలల్లో పని నేర్పుతూ నెలనెలా డబ్బు కూడా ఇచ్చే ఫెలోషిప్ దొరికిందంటే, మన హైదరాబాద్‌లో జువాలజీయో బోటనీయో చదివి ఏ దారిన పోవాలో తేలక ఉన్న పిల్లలకు మంచి అవకాశమే. తప్పకుండా చేరండి. కానీ ఆఫర్ లెటర్ వచ్చిన సంతోషంలో సంతకం పెట్టేసి, తొలకరి పడగానే బ్యాగు సర్దుకుని బయల్దేరకండి. జీతం ఇచ్చి పంపే పని ఇది. మీ ప్రాణానికి, ఆరోగ్యానికి కావలసిన ఏర్పాట్లు అడగడం మీ హక్కు. ఆ అడిగేదేదో చేరకముందే అడగాలి. చేరాక అడిగితే మొహమాటం అడ్డొస్తుంది.

ముందు డబ్బు సంగతి. నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకున్నవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు వస్తోంది. మీకు ఇస్తామన్నది దానికి ఎంత దగ్గరగా ఉందో చూసుకోండి. అంతకన్నా ముఖ్యం, అందులోంచే పెట్రోలు, ఊళ్లో గది అద్దె పెట్టుకోవాలా, వాటికి వేరే ఇస్తారా అన్నది. ప్రమాద బీమా ఉందా? జంతువు ఎదురుగా రాగానే దానంతట అదే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌ని ఎవరైనా ఎత్తుకుపోతే నష్టం ఎవరిది? జవాబులన్నీ మెయిల్‌లో రాయించుకోండి, ఫోన్‌లో చెప్పిన మాట నిలవదు. మొదటి స్టైపెండ్ ఆలస్యం కావచ్చు కాబట్టి రెండు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. సీటు ఖాయం కావాలంటే రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నారంటే అటు వెళ్లనే వద్దు. అమ్మాయిలు ఇంకో మాట అడగాలి. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అందులో ఎవరెవరున్నారో, ఎవరికి ఫోన్ చేయాలో ముందే తెలుసుకుని నంబరు దాచుకోండి.

అనుమతులు మరో తలనొప్పి. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు లాంటి అభయారణ్యంలో పరిశోధన చేయాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీశాఖ పర్మిట్ ఉండాలి. దాని కాపీ మీ జేబులో ఉండాలి, మీ గైడ్ ఆఫీసు బీరువాలో ఉంటే చాలదు. అయితే మన చుట్టుపక్కల గడ్డి నేలల్లో చాలావరకు అటవీశాఖవి కావు. కొన్ని రెవెన్యూ భూములు, కొన్ని ఊరి బంచరాయి (ఊరి పశువులు మేసే ఉమ్మడి నేల), మిగతావి పట్టా భూములు. బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ తయారుచేసే వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్‌లో పొదలున్న గడ్డి నేలలు కూడా పనికిరాని భూముల లెక్కలోకే వస్తాయి. అక్కడ అడుగు పెట్టడానికి ఎవరిని అడగాలో ఒక్కోచోట ఒక్కో తీరు.

కొత్తవాళ్లు పెద్దగా పట్టించుకోని ప్రమాదం ఇక్కడే ఉంది. వికారాబాద్, చేవెళ్ల వైపు చేతిలో జీపీఎస్, మెడలో బైనాక్యులర్ వేసుకుని బీడులో తిరిగే పట్నం మనిషిని చూస్తే ఊళ్లోవాళ్లకు పిట్టలు గుర్తుకురావు, రియల్ ఎస్టేట్ గుర్తొస్తుంది. 2024 నవంబరులో లగచర్లలో భూసేకరణ మీద జరిగిన గొడవ వికారాబాద్ జిల్లాలోనే కదా. అందుకని మొదటి రోజు ఫీల్డుకు పోకండి, ఊళ్లోకి పోండి. సర్పంచ్‌ని, పంచాయతీ కార్యదర్శిని కలవండి. పోలీస్ స్టేషన్‌లో ఒక లెటర్ ఇవ్వండి. డ్రోన్ మాట మాత్రం అనుమతులన్నీ చేతికి వచ్చేదాకా ఎత్తకండి.

ఆ తర్వాత గొర్ల కాపరుల దగ్గరికి వెళ్లండి. "ఏం జూస్తున్నవ్ బిడ్డా, భూమి కొలుస్తున్నవా?" అనే అడుగుతారు. "లేదు కాకా, తోడేళ్లు ఎటు తిరుగుతాయో చూస్తున్నా" అని ఉన్నమాట చెప్పండి. కూర్చుని చాయ్ తాగండి. ఏ వాగు పొంగుతుందో, ఏ గట్టు కింద పాములుంటాయో, ఏ పొలం చుట్టూ కరెంటు పెడతారో ఆయనకు తెలిసినంత ఏ మ్యాపులోనూ ఉండదు.

కరెంటు అన్నాను కదా, దాని గురించి గట్టిగానే చెప్పాలి. అడవి పందుల కోసం పొలాల చుట్టూ రాత్రిపూట సన్నటి తీగ లాగి కరెంటు ఇస్తారు. అది నేరం, అయినా ఆగడం లేదు. మనుషులు చచ్చిపోతున్నారు. గడ్డిలో మోకాలి కన్నా కింద ఉండే ఆ తీగ టార్చి వెలుగులో కూడా కనబడదు. చీకటి పడ్డాక, తెల్లవారకముందు పొలాల గట్ల మీద నడవకండి. నక్కల సర్వేకు రాత్రి తిరగాల్సి వస్తే బండ్లబాట దిగకండి, ఊరి మనిషి లేకుండా అసలు బయల్దేరకండి.

పాముల గురించి భయం అక్కర్లేదు గానీ అలవాట్లు మార్చుకోవాలి. దక్కన్ రాళ్ల నేలల్లో చిన్న పింజరి ఎక్కువ. జానెడు, మూరెడు ఉంటుంది, రాయి కింద చుట్టుకుని పడుకుంటుంది, కదిలిస్తే పొలుసులు రాసుకుని బరబరమని చప్పుడు చేస్తుంది. కాబట్టి రాయి ఎత్తేటప్పుడు వేళ్లు కింద పెట్టకండి, కర్రతో మీ వైపుకు లేపండి, అప్పుడు రాయే మీకు అడ్డుగా ఉంటుంది. రక్తపింజరి, నాగుపాము కోసం చీలమండ దాటే బూట్లు, చేతిలో కర్ర చాలు. కట్లపాము వేరు, అది ఇంట్లోకే వస్తుంది. రాత్రి నిద్రలో కాటేస్తే చాలామందికి నొప్పి కూడా తెలియదు. ఊళ్లో గది తీసుకుంటే నేల మీద పడుకోకండి. మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కిందకి దోపడం మర్చిపోకండి.

కాటు పడితే కట్టు కట్టకండి, కొయ్యకండి, నోటితో పీల్చకండి. ఉంగరాలు, కడియాలు, వాచీ తీసేయండి, వాపు వచ్చాక తియ్యలేరు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, టైము రాసుకుని 108కి ఫోన్ చేయండి. మంత్రం వేసేవాళ్ల దగ్గరికి ప్రేమకొద్దీ లాక్కెళ్లేవాళ్లు ఉంటారు, వద్దని మర్యాదగా, గట్టిగా చెప్పండి. పాముని పట్టుకురావడం, చంపి తేవడం అవసరం లేదు. మన దగ్గర వాడే యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) పైన చెప్పిన నాలుగు పాములకూ ఒకటే. అది దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో మాత్రం చేరిన వారంలోనే స్వయంగా వెళ్లి అడిగి రాసుకోండి.

ఇక కంటికి కనబడని పురుగు ఒకటుంది. వానాకాలం, ఆ తర్వాతి నెలల్లో గడ్డి, పొదల్లో ఉండే సన్నటి నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, మైట్ అంటారు) పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ రావచ్చు. కుట్టినట్టు తెలియదు. ఓ పది రోజులకు జ్వరం, తలనొప్పి మొదలవుతాయి. చంకలోనో నడుం దగ్గరో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు ఉండొచ్చు, అది నొప్పి పెట్టదు కాబట్టి ఎవరూ చూసుకోరు. హైదరాబాద్ వచ్చి డెంగీ, టైఫాయిడ్ టెస్టులు చేయించుకుంటూ రోజులు గడిపేస్తారు. డాక్టరు గదిలో కూర్చోగానే "నేను గడ్డిలో పనిచేస్తున్నాను" అని చెప్పండి. ముందే కనిపెడితే మామూలు మాత్రలతో తగ్గుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీల దాకా పోతుంది. గడ్డిలో నేరుగా కూర్చోకండి, ప్యాంటు సాక్స్‌లోకి దోపుకోండి, సాయంత్రం స్నానం చేసి బట్టలు మార్చండి. నున్నటి నైలాన్ ప్యాంటు మంచిది. నూలు బట్టైతే గడ్డి గింజల ముళ్లు తడి తగిలి మెలితిరుగుతూ లోపలికి దిగుతాయి.

మందల వెంట ఉండే కుక్కలు తోడేళ్ల కన్నా ప్రమాదం. పరుగెత్తకండి. ఆగి కాపరిని పిలవండి. రేబీస్ టీకా ముందస్తు డోసులు చేరకముందే వేయించుకోండి, ఖర్చు ఆ సంస్థను భరించమనండి. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

పిడుగుకు మైదానంలో మీరే ఎత్తైన వస్తువు. ఉరుము వినబడిందంటే పిడుగు పడే దూరంలోనే ఉన్నారని అర్థం. ఒంటరి చెట్టు కిందకి వెళ్లకండి, ఏటా కాపరులు చనిపోయేది అక్కడే. పక్కా ఇల్లో, అద్దాలు మూసిన కారో చూసుకోండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకండి. పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. ఎండ సంగతి కూడా ఉంది, ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పది దాటాక ఫీల్డులో ఉండనని ముందే చెప్పండి.

మీ వల్ల జరిగే నష్టం కూడా చూసుకోవాలి. తీతువు పిట్ట గుడ్లు కంకర మీదే పెడుతుంది, రంగు కూడా కంకరదే, అడుగు చూసి వేయాలి. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే హారియర్ గద్దలు రాత్రికి గడ్డిలో, నేల మీదే గుంపుగా పడుకుంటాయి. సాయంత్రం ఆ గడ్డిలోకి దిగితే వాటి రాత్రంతా పాడవుతుంది. గూళ్లు, తోడేలు బొరియలు ఎక్కడున్నాయో ఏ వాట్సాప్ గ్రూపులోనూ చెప్పకండి, లొకేషన్‌తో ఫొటో పెట్టకండి.

అన్నింటికన్నా రోడ్డంటేనే నాకు భయం. మర్రిచెట్ల మధ్య సన్నగా సాగే చేవెళ్ల దారిలో రాత్రి బైక్ నడపొద్దు. ఫీల్డులో తెల్లవారుజామునే లేచి పనిచేసిన రోజు అస్సలు వద్దు. ఊళ్లోనే పడుకుని పొద్దున బస్సెక్కండి. ఇంట్లో అమ్మానాన్నలతో, టీంలో ఒకరితో ఒక లెక్క పెట్టుకోండి: రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్, ఎనిమిదైనా రాకపోతే ముందు గది ఓనరుకు, ఆ తర్వాత కాపరి కాకకు, తర్వాత పోలీస్ స్టేషన్‌కు. ఈ మూడు నంబర్లూ కాగితం మీద రాసి అమ్మ చేతికే ఇవ్వండి.