కంచంలో లెక్క ఎక్కడ తప్పింది? కొవ్వు తగ్గించుకునేవారికీ వ్యాయామం చేసేవారికీ ఎదురయ్యే చిక్కులు, వాటి కారణాలు, సవరణలు

బరువు తగ్గాలని నిశ్చయించుకున్న తెలుగువారు సాధారణంగా చేసే మొదటి పని అన్నం తగ్గించడం. అది తప్పేమీ కాదు. అయితే తీసేసిన అన్నం స్థానంలో ఏది రావాలో ఆలోచించకపోవడం వల్ల, నెల తిరిగేసరికి నీరసమో, ఆకలో, కదలని తూకమో ఎదురవుతుంది. అప్పుడు చాలామంది ఇంకాస్త అన్నం తగ్గిస్తారు. చిక్కు అసలు వేరే చోట ఉన్నప్పుడు ఈ రెండో కోత దాన్ని పెంచుతుందే గాని తీర్చదు. కాబట్టి కనిపిస్తున్న లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి సవరణకు వెళ్లడమే సరైన పద్ధతి.

పోల్చి చూసుకోవడానికి ముందుగా ఒక లెక్క దగ్గర ఉండాలి. ప్రొటీన్‌లోనూ పిండి పదార్థాల్లోనూ గ్రాముకు 4 కేలరీలు, కొవ్వులో గ్రాముకు 9 కేలరీలు ఉంటాయి. 70 కిలోల బరువుండి, కూర్చుని చేసే ఉద్యోగంలో ఉంటూ, వారానికి నాలుగు సాయంత్రాలు జిమ్‌కు వెళ్లే వ్యక్తి రోజుకు సుమారు 1800 కేలరీలతో కొవ్వు తగ్గించుకోవాలనుకుంటున్నాడని అనుకుందాం. ముందుగా ప్రొటీన్‌ను నిర్ణయించాలి. కిలో బరువుకు 1.6 గ్రాముల చొప్పున 112 గ్రాములు, అంటే 448 కేలరీలు. తరువాత కొవ్వును 50 గ్రాముల దగ్గర నిలపాలి. అది 450 కేలరీలు. మిగిలిన 900 కేలరీలు పిండి పదార్థాలకు, అంటే దాదాపు 225 గ్రాములు. ప్రొటీన్, కొవ్వు, ఆ తరువాతే పిండి పదార్థాలు అనే ఈ వరుస ముఖ్యం. మన ఇళ్లలో లెక్క తలకిందులుగా నడుస్తుంది: అన్నం ఎంతో ముందే నిర్ణయమైపోతుంది, నూనెను ఎవరూ లెక్కించరు, ప్రొటీన్ మిగిలితే ఉంటుంది, లేకపోతే లేదు. బాగా అధిక బరువున్నవారు ఈ లెక్కను ఇప్పటి బరువుతో కాక, తమ ఎత్తుకు తగిన బరువుతో వేసుకోవాలి.

మొదటి రెండు వారాల్లో మూడు కిలోలు తగ్గి, తరువాత తూకం కదలకపోవడం

ఆ మూడు కిలోలలో ఎక్కువ భాగం కొవ్వు కాదు. కండరాల్లోనూ కాలేయంలోనూ కలిపి దాదాపు 400 నుంచి 500 గ్రాముల గ్లైకోజెన్, అంటే పిండి పదార్థాల నుంచి శరీరం దాచుకునే ఇంధనం, నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం ఒక్కసారిగా మానేసినప్పుడు ఈ నిల్వ కరిగి, నీరు బయటికి పోతుంది. ఒక పెళ్లి భోజనం చేసి వస్తే మళ్లీ అదే నీరు తిరిగి చేరుతుంది. కొన్నేళ్ల కిందట అన్నం మాని కొబ్బరినూనె తాగే ఆహార పద్ధతి తెలుగునాట ఊరూరా పాకినప్పుడు, మొదటి వారం ఫలితాలను చూసి అందరూ అంతగా ముగ్ధులవడానికి ఈ నీటి లెక్క కూడా ఒక కారణమే. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిపై ఏడాది పాటు చేసిన అధ్యయనంలో, కొవ్వు తగ్గించి తిన్నవారికీ పిండి పదార్థాలు తగ్గించి తిన్నవారికీ తగ్గిన బరువులో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

కాబట్టి మొదటి రెండు వారాల అంకెను పక్కన పెట్టి, మూడో వారం నుంచి లెక్క మొదలుపెట్టాలి. రోజూ ఉదయం కాలకృత్యాల తరువాత తూచుకుని, వారానికొక సగటు తీసి, ఆ సగటులనే పోల్చాలి. వారానికొకసారి బొడ్డు దగ్గర నడుము కొలత కూడా రాసుకోవాలి. తూకం నిలిచినా నడుము తగ్గుతున్నట్లయితే మార్చవలసినదేమీ లేదు. మూడు వారాల పాటు రెండూ కదలకపోతేనే దాన్ని నిజమైన ఆగిపోవడంగా భావించి కింది కారణాన్ని వెతకాలి.

తినేది కొంచెమే అయినా తగ్గకపోవడం

ఇలా చెప్పేవారు అబద్ధమాడరు. వారు తినే అన్నం నిజంగానే కొంచెం. కాని కూరలోని నూనె కంటికి కనిపించదు. వేపుడు, పోపు, ఇడ్లీ పక్కన రెండుసార్లు వేసుకున్న పల్లీ చట్నీ, కారప్పొడి మీద నెయ్యి, ఆవకాయలో పైకి తేలిన నూనె, ఇవన్నీ కలిపితే తీసేసిన అన్నం విలువ తిరిగి వచ్చేస్తుంది. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కేలరీలు ఉంటాయి. సుమారు 100 గ్రాముల వండిన అన్నంలో ఉన్నవీ అంతే.

దీన్ని పట్టుకోవడానికి ప్రతి కూరనూ తూచనవసరం లేదు. నెలకు ఇంట్లో ఎన్ని నూనె ప్యాకెట్లు అయిపోతున్నాయో చూసి, దాన్ని తినేవారి సంఖ్యతో భాగిస్తే చాలు. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు ఖర్చయితే, మనిషికి రోజుకు సుమారు 33 మిల్లీలీటర్లు, అంటే 30 గ్రాములు, అంటే 270 కేలరీలు. మా ఇంట్లో ఈ లెక్క వేసిన నెలలో వచ్చిన అంకెను నేను మొదట నమ్మలేదు; ప్యాకెట్లు మళ్లీ లెక్కపెట్టాను. పైన చెప్పిన 50 గ్రాముల కొవ్వులో గుడ్లు, పెరుగు, మాంసం, పప్పుధాన్యాల నుంచి దాదాపు 30 గ్రాములు ఎలాగూ వస్తాయి కాబట్టి, వంట నూనెకు మిగిలేది రోజుకు నాలుగు చిన్న చెంచాలు మాత్రమే. సీసా నుంచి నేరుగా వంపకుండా చెంచాతో కొలిచి పోయడం, వేపుళ్లను వారానికి ఒకటి రెండు సార్లకు పరిమితం చేయడం, కొబ్బరి లేదా పల్లీ చట్నీకి బదులు కొన్ని రోజులు టమాటా పచ్చడితో సరిపెట్టుకోవడం వల్ల ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఇక్కడే కొర్రలు, సామల గురించి ఒక మాట చెప్పాలి. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, కడుపు నిండినట్లు అనిపిస్తుంది, ఆ మేరకు అవి మంచివే. అయితే గింజల తూకంలో వాటి కేలరీలకూ బియ్యం కేలరీలకూ పెద్ద తేడా లేదు. కొర్రన్నం కదా అని రెండోసారి వడ్డించుకుంటే ప్రయోజనం ఉండదు.

బరువు తగ్గుతున్నా బలం కూడా తగ్గడం, ఒళ్లు వదులుగా కనిపించడం

ఇది నా దృష్టిలో అన్నిటికన్నా తీవ్రమైన లక్షణం, ఎందుకంటే తూకం సంతోషపెడుతూ ఉంటుంది గనుక దీన్ని ఎవరూ లెక్కచేయరు. నెల క్రితం పదిసార్లు ఎత్తిన బరువును ఇప్పుడు ఆరుసార్లే ఎత్తగలుగుతున్నారంటే, కొవ్వుతో పాటు కండరం కూడా పోతోందని అనుమానించాలి. కారణాలు మూడు: ప్రొటీన్ చాలకపోవడం, బరువు మరీ వేగంగా తగ్గడం, నడక తప్ప కండరానికి పని చెప్పే వ్యాయామం లేకపోవడం.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫారసుల్లో ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సూచించింది. అది బరువు తగ్గించుకోని సామాన్య వ్యక్తికి చెప్పిన అంకె. తక్కువ తింటూ బరువులెత్తేవారికి అది చాలదు, 1.6 గ్రాముల దగ్గర ఉండటం మేలు. "మేము రోజూ పప్పు తింటాం కదా" అనే సమాధానం తరచూ వినిపిస్తుంది. కందిపప్పు వంద గ్రాముల్లో ప్రొటీన్ 22 గ్రాములైతే, పిండి పదార్థాలు అంతకు రెండింతలకు పైగా ఉంటాయి. పైగా ఒక మనిషి వాటాకు వచ్చే పప్పు 30 గ్రాముల గింజలకు మించదు కాబట్టి, దాని నుంచి దొరికేది ఆరేడు గ్రాములే. పప్పుచారైతే అదీ లేదు. అయినా పప్పును తక్కువ చేయనక్కరలేదు: బియ్యంలో కొరవడిన లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో పుష్కలంగా ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యం నుంచి అందుతుంది. పప్పన్నం మంచి జోడీయే, కాని ఒంటరిగా 112 గ్రాముల భారం మోయలేదు.

సవరణ ఇలా ఉండవచ్చు. ఉదయం 60 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లు, రెండు గుడ్లు కలిపి 26 గ్రాములు ఇస్తాయి. మధ్యాహ్నం 75 గ్రాముల బియ్యం అన్నం, 40 గ్రాముల కందిపప్పు, 120 గ్రాముల ఎముకలేని కోడి రొమ్ము మాంసం, ఒక గిన్నె పెరుగు కలిస్తే 47 వరకు వస్తాయి. సాయంత్రం 50 గ్రాముల శనగల గుగ్గిళ్ల నుంచి 10 గ్రాములు. రాత్రి 60 గ్రాముల పిండితో చేసిన జొన్న రొట్టెలు, 30 గ్రాముల మీల్ మేకర్ కూర, ఇంకో గిన్నె పెరుగు కలిపి 26. మొత్తం 110 గ్రాములకు దగ్గరగా చేరుతుంది; ఒక అరటిపండుతో పాటు చూసుకుంటే పిండి పదార్థాలు, కొవ్వు కూడా మొదట వేసుకున్న లెక్కలోనే ఇముడుతాయి. శాకాహారులు కోడి స్థానంలో పనీర్ వేసుకునేటప్పుడు అందులో ప్రొటీన్ కంటే కొవ్వు ఎక్కువ ఉంటుందని గుర్తుంచుకుని, నూనె తగ్గించుకోవాలి. లేదా ఆ లోటును పాల నుంచి తీసే వే ప్రొటీన్ పొడితో పూడ్చుకోవచ్చు. పల్లీలను ప్రొటీన్ అని గుప్పెళ్లకొద్దీ తినడం మాత్రం పొరపాటు. వంద గ్రాముల పల్లీలలో ప్రొటీన్ 25 గ్రాములైతే కొవ్వు దాదాపు 50 గ్రాములు.

తగ్గే వేగం వారానికి శరీర బరువులో 0.5 నుంచి 1 శాతం మధ్య ఉండాలి. 70 కిలోల వ్యక్తికి అది 350 నుంచి 700 గ్రాములు. అంతకు మించి పడిపోతూ ఉంటే రోజుకు 150 నుంచి 200 కేలరీలు తిరిగి చేర్చాలి.

వ్యాయామం మధ్యలో కాళ్లు తేలిపోవడం, కళ్లు తిరగడం

ప్రొటీన్ సరిపోతున్నా వ్యాయామం సాగడం లేదంటే, పిండి పదార్థాల మొత్తాన్ని కాక వాటి వేళను ముందు పరీక్షించాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం చేసి, ఏడు గంటలకు జిమ్‌కు వెళ్లి, మధ్యలో టీ తప్ప ఏమీ తీసుకోని ఉద్యోగి పరిస్థితి ఇది. బరువులెత్తడం, వేగంగా పరుగెత్తడం వంటి తీవ్రమైన శ్రమకు కండరం ప్రధానంగా గ్లైకోజెన్‌నే వాడుకుంటుంది. కొవ్వు ఎంత నిల్వ ఉన్నా, అది ఆ వేగానికి తగినట్లు శక్తిని అందించలేదు.

ఇందుకు అదనంగా తిననక్కరలేదు, ఉన్నదాన్ని జరిపితే సరిపోతుంది. వ్యాయామానికి ముప్పావు గంట ముందు ఒక అరటిపండు, రెండు మూడు ఖర్జూరాలు తీసుకుంటే దాదాపు 40 గ్రాముల పిండి పదార్థాలు అందుతాయి. ఆ మేరకు రాత్రి రొట్టెలో ఒకటి తగ్గించుకోవచ్చు. గుగ్గిళ్లను వ్యాయామం తరువాతకు మార్చడం మంచిది, ఎందుకంటే పీచు, కొవ్వు ఎక్కువగా ఉన్న పదార్థాలు కడుపులోంచి మెల్లగా కదులుతాయి. మిరపకాయ బజ్జీ తిని జిమ్‌కు వెళ్లినవారికి దీన్ని వేరే వివరించనవసరం లేదు. ఉదయం అరగంట నడిచేవారికి మాత్రం ఈ ఏర్పాటేదీ అక్కరలేదు. ఖాళీ కడుపుతో నడవవచ్చు. అయితే అలా నడిస్తే రోజు మొత్తం మీద కొవ్వు ఎక్కువ తగ్గుతుందనే ఆశ పెట్టుకోకూడదు.

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ కోసం గంటన్నరకు మించి పరుగు సాధన చేసేవారి అవసరం వేరు. వారికి పరుగు మధ్యలోనే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థాలు కావాలి, చెమటతో పోయిన ఉప్పు కూడా తిరిగి చేరాలి. అంత దూరం పరుగెత్తే రోజున కేలరీల కోత పెట్టుకోవద్దు. దాన్ని విశ్రాంతి రోజుకు వాయిదా వేసుకోవడం వివేకం.

రాత్రి తొమ్మిది దాటాక ఆగని ఆకలి

ఇది మనోబలం లోపం కాదు, చాలాసార్లు ఉదయపు ఉప్మా లోపం. 60 గ్రాముల రవ్వలో ప్రొటీన్ ఏడు గ్రాములు కూడా ఉండదు. పగలంతా అలా నడిపి, రాత్రి కడుపును నిందించడం న్యాయం కాదు. ఉదయం, మధ్యాహ్నం తలా 25 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ ఉండేలా చూసి, కూరగాయల పరిమాణాన్ని రెట్టింపు చేస్తే వారం పది రోజుల్లో తేడా తెలుస్తుంది.

మలబద్ధకం

అన్నం, పప్పు తగ్గించి గుడ్లు, పొడులు పెంచినవారిలో పీచు, నీరు రెండూ తగ్గుతాయి. బీరకాయ, సొరకాయ, ఆకుకూరలు, జామపండు, పలుచని మజ్జిగ చాలు.

జుట్టు రాలడం, ఎప్పుడూ చలిగా ఉండటం, నెలసరి తప్పడం

ఈ మూడింటిలో ఏది కనిపించినా కోత మరీ లోతుగా ఉందేమోనని చూడాలి. మొత్తం శక్తి చాలనప్పుడు శరీరం అత్యవసరం కాని పనులను ఒక్కొక్కటిగా నిలిపివేస్తుంది. కొవ్వును మరీ భయపడి రోజుకు 20 గ్రాములకు దించేసిన యువతుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఇక్కడ సవరణ కేలరీలను పెంచడమే. కొవ్వును కనీసం కిలో బరువుకు 0.7 గ్రాముల దగ్గరకు తేవాలి. నెలసరి మూడు నెలలు రాకపోతే ఆహార పట్టికను పక్కన పెట్టి వైద్యురాలిని కలవాలి. థైరాయిడ్, రక్తహీనత వంటి కారణాలను ఆ పరీక్షల్లోనే తోసిపుచ్చగలరు.

మధుమేహానికి ఇన్సులిన్ లేదా చక్కెరను దించే మాత్రలు వాడేవారు, డాక్టరుతో మోతాదు గురించి మాట్లాడకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు. పాత మోతాదే కొనసాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి పైన వేసిన 1.6 గ్రాముల లెక్క వర్తించదు. వారు ఎంత ప్రొటీన్ తినాలో వారి క్రియాటినిన్ పరీక్ష చూసిన వైద్యులే నిర్ణయించాలి.